ఎమ్మే నమూనా

మా ఇంట్లో ఆడవాళ్ళ మధ్యాహ్నాలు నమూనాలతోనే గడుస్తాయి. బీదర్ గంజ్ బజారులో మా మామగారు శంకర్‌రావుకు పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి తీసిన గుప్పెడు కందులో, మినుములో పొట్లం కట్టుకుని ఇంటికి వస్తాయి. మా అత్త శాంతాబాయి, నేనూ వాటిని చాటలో పోసి రాయి, పుల్ల, పుచ్చు వేరు చేసి ఏ బస్తా ఎలాంటిదో చెప్పాలి. మా మాట మీదే ఆయన మాల్ కొంటారు. గంజ్‌లో మాత్రం "శంకర్‌రావు కంట్ల పడితే పుచ్చు గింజ దాగది" అని ఆయనకు గొప్ప పేరు. ఆ కళ్ళు ఇంట్లో చాట ముందు కూర్చుని ఉంటాయని ఎవరికీ తెలియదు.

ఆ రోజు కూడా చాట ఒళ్ళో ఉంది. భోంచేసి చెయ్యి కడుక్కుంటున్న మామగారితో, "మామా, ఎమ్మేకు రేపే ఆఖరి తారీఖు. చేరుత. కాలేజీల పాఠం చెప్త" అన్నాను. బీయే అయ్యి ఎనిమిదేళ్ళు. పరీక్షలు దగ్గర పడితే మా సందులో డిగ్రీ చదివే ఆడపిల్లలందరూ నా దగ్గరికే వస్తారు. పాసయ్యాక పేడాల డబ్బా మా అత్త చేతిలో పెట్టి, ఆమె కాళ్ళు మొక్కి పోతారు. అందులోంచి అత్త నాకూ ఒకటి ఇస్తుంది. పేడా సంగతి వదిలేయండి. తరగతి గదిలో హాజరు పట్టీ పట్టుకుని నిలబడాలని నాకెంత ఆశో చెబితే నవ్వుతారు. ఎమ్మే లేకపోతే ఆ గడప తొక్కనివ్వరు.

మా ఇంట్లో ఏదైనా కాదనే ముందు బేరం చేస్తారు. "ఇంగ్లిష్ తీస్కో. షాపు మెయిళ్ళన్నీ నువ్వే రాయొచ్చు" అన్నాడు మా ఆయన యోగేందర్. "కన్నడ మంచిది. కన్నడల వచ్చే సర్కారు కాయితాలు చదువనీకి మందిని బతిమిలాడే పని తప్పుతది" అంది అత్త. పొలిటికల్ సైన్స్ పేరెత్తగానే యోగేందర్ "ఇంట్లున్న పాలిటిక్స్ సాలదా?" అని తన జోక్‌కి తనే పడీపడీ నవ్వాడు. నాకేది ఇష్టమో ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, అడిగితే నేనూ తడబడేదాన్ని. హిస్టరీ అంటే ప్రేమ, సోషియాలజీ అంటే ఏదో కుతూహలం.

చివరికి నేనే ఆ రెండు పేర్లూ పైకి చెప్పాను. అవి విన్న మామగారు ఫోన్ తీసి దలాలీ చేసే జీవరాజ్‌ను అడిగారు. జీవరాజ్ అల్లుడు ఏదో కాలేజీలో లెక్చరర్. కందిపప్పు ధర అడిగినంత సీరియస్‌గా, "హిస్టరీ ఎట్లుంది? సోషియాలజీ నడుస్తుందా?" అని అడిగి, ఆఁ ఆఁ అని విని పెట్టేశారు.

"హిస్టరీ జర డల్లుందంట. సోషియాలజీకి గిరాకీ ఉందంట, గాని మాల్ చూసి తీస్కోమన్నడు. నమూనా చూడకుంట నేను బస్తా ముట్ట. రేపు రెండిట్ల ఒక్కొక్క పాఠం చెప్పు బేటీ. ఏది మంచిగుంటే అది రాద్దాం."

మర్నాడు మూడింటికి హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. దరఖాస్తు తెరిచిన లాప్‌టాప్ యోగేందర్ ముందుంది. నేను కొత్త చీర కట్టుకుని గోడకు ఆనుకోకుండా నిలబడ్డాను. ముందు హిస్టరీ. "బహమనీలు రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు ఎందుకు మార్చారంటే..." అన్నానో లేదో, మామగారు అందుకున్నారు. కోట, కందకం, మదర్సా, నిజాం, రజాకార్లు అన్నీ దాటుకుంటూ ఇరవై నిమిషాల్లో తన తాతగారు దుకాణం తెరిచిన రోజుకు వచ్చి ఆగారు. నేను నిలబడి విన్నాను. చివరికి ఆయనే, "మంచిగ చెప్పినవ్" అని మెచ్చుకున్నారు.

ఇక సోషియాలజీ. ఈసారి నేను చెప్పదలచుకోలేదు, అడగదలచుకున్నాను. "పొద్దుగాల్ల లేచిన కాడికెల్లి ఏమేం చేసిండ్రో చెప్పుండ్రి మామా."

"ఐదింటికి లేచిన. చాయ్ తాగిన. తానం చేసిన. పంచె కట్టిన. నాష్తా తిని గంజ్‌కు పోయిన."

"చాయ్ యాడికెల్లి వచ్చింది?"

"వచ్చింది."

"తానానికి నీళ్ళు?"

"వేడిగుండె."

"పంచె?"

"మంచం మీదుండె."

మామగారి ఉదయంలో వస్తువులు వాటంతటవే వచ్చి, వేడెక్కి, మడత పెట్టుకుని పడుకున్నాయి. యోగేందర్ ముసిముసిగా నవ్వాడు. తన వంతు వచ్చేసరికి అతని టిఫిన్ డబ్బా కూడా దానంతటదే నిండింది. తర్వాత అత్త వైపు తిరిగాను. "నాదేముంటది? ఇంట్లనే ఉంట గద" అంది. అని, నాలుగింటికి లేవడం దగ్గర మొదలుపెట్టింది. వాకిలి ఊడ్చింది, నీళ్ళు పట్టింది, పాలు కాచింది, ఆయనకు చక్కెర లేని చాయ్, కొడుక్కు చక్కెర చాయ్, రొట్టెలకు పిండి, మాత్రలు, మళ్ళీ చాయ్. పది నిమిషాలైంది. మామగారు "సరే సరే, తెలిసింది" అన్నారు.

"ఆగుండ్రి! ఇంక పొద్దుగాల ఏడు గూడ గాలే" అని గదిమింది అత్త. "నలభై ఏండ్ల సంది ఎవ్వలన్న అడిగిండ్రా?"

ఆ గొంతులో కోపం విని నేనే ఉలిక్కిపడ్డాను. ఈ పనిని లోకం ఎందుకు పని అనదో, దాని గురించి పుస్తకాల్లో ఏమని రాశారో అప్పుడు చెప్పాను. చెబుతుంటే నా చేతులు వాటంతటవే గాల్లో కదిలాయి, ఎక్కడా వెతుక్కోకుండా మాట వచ్చింది. నాకు పాఠం చెప్పడం వచ్చు. ఎవరి సర్టిఫికెట్టూ లేకుండా ఆ సంగతి నాకు తెలిసిపోయింది, పట్టరానంత సంతోషం వేసింది.

"మాల్ బరాబరుంది" అన్నారు మామగారు. "సోషియాలజీ రాయి యోగీ. గాని రోజూ పోయేది వద్దు. ఇంట్ల కూసోని చదివేదుంటది సూడు, అది ఒత్తు. ఇంట్ల పనికి ఇబ్బంది గావద్దు."

ఇంతసేపు చెప్పిన పాఠం ఎటు పోయిందో నాకు అర్థం కాలేదు. అత్త వైపు చూశాను. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. అంత మాట అడిగిన మనిషి చీర కుచ్చిళ్ళు దులుపుకుని చాయ్ పెట్టడానికి లేచింది. నాకు ఏడుపొచ్చింది. ఇంకా ఘోరం, ఆమె వెనకే వెళ్ళడానికి నేనూ సగం లేచాను. లేచినదాన్ని వంటింటి వైపు పోకుండా రెండడుగులు ఇటు వేసి, యోగేందర్ ముందున్న లాప్‌టాప్‌ను నా వైపు తిప్పుకున్నాను. సోషియాలజీ అని అతను అప్పటికే నింపాడు, దాని కింద రెండు గడులు. నాకు కావలసినది నొక్కాను. తర్వాత కింద ఉన్న 'సమర్పించు' కూడా నొక్కాను.

"ఏది ఒత్తినవ్?" అన్నాడు యోగేందర్ తెర మీదికి వంగి.

"రోజూ పోయేది."

"నన్నొక మాట అడగవా?"

"అడిగితే మీరు వద్దంటరు. మీరు వద్దన్నంక చేస్తే మీ మాట తీసేసినట్టుంటది" అన్నాను. "అందుకే అడగలే."