పత్తి చేలో జడ మీసం

పత్తి రైతులకు ప్రభుత్వం ఇచ్చే సాయం కావాలంటే చేలో నిలబెట్టి ఫోటో తీస్తారని తెలియగానే మీసాలాయన ముస్తాబు మొదలుపెట్టాడు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. ఆయన సందు మలుపు తిరగకముందే ఆ మీసాలు తిరిగేవి మరి!

ఫోటో తీసే ఆఫీసరమ్మ వచ్చే రోజు పొద్దున్నే అద్దం ముందు కూర్చుని, కుడివైపు మీసం కాస్త పొడుగైందని కత్తిరించాడు. దాంతో ఎడమవైపుది పొడుగైంది. దాన్ని సవరిస్తే మళ్లీ కుడివైపుది వెక్కిరించింది. రెండింటికీ న్యాయం చేయబోయి చేయబోయి, చివరికి నున్నటి మూతి మిగుల్చుకున్నాడు.

భార్య చూసి, "ఎవరండీ మీరు?" అని గోడ పట్టుకుని నవ్వింది.

చేలో ఆఫీసరమ్మ ఫోన్ మాత్రం నవ్వలేదు. ఆయన మొహాన్ని పాత ఫోటోతో పోల్చి, 'ఈ వ్యక్తి వేరు' అని ఎర్రగా చూపించింది.

"నేనేనమ్మా! చేను నాది, పత్తి నాది, ఈ మొహమూ నాదే!"

"నాకు తెలుసు బాబాయ్. కానీ నేను ఒప్పుకుంటే చాలదు, ఇది ఒప్పుకోవాలి. ఇవాళే గడువు. ఫోటో ఎక్కకపోతే ఈ ఏటికి డబ్బు రానట్టే."

మీసాలాయన నున్నటి మూతి తడుముకున్నాడు.

తోడొచ్చిన భార్య పక్కనే విచ్చిన కాయలోంచి దూది లాగి, తడిపి, ఆయన పెదవి మీద అంటించింది. ఫోన్ కాసేపు ఆలోచించింది.

"మీరు మీ నాన్నగారట బాబాయ్. చనిపోయారట. సాయం ఆపేశారట."

"ఆయన జోలి వద్దమ్మా! బతికుండగానే ఆయనతో వేగలేకపోయాను."

ఈసారి దూదికి బొగ్గుపొడి పూశారు. 'కళ్లు ఆర్పండి' అంది ఫోన్. ఆర్పాడు. ఆ కదలికకి బొగ్గుపొడి ముక్కులో దూరింది. ఆయన తుమ్మిన తుమ్ముకి మీసం ఎగిరి వెళ్లి ఆఫీసరమ్మ నుదుటికి అతుక్కుంది. పాపం, ఆవిడ తుడుచుకుంది.

"ఇలా కాదు గానీ, కదలకండి," అంటూ భార్య ఆయన వెనక నక్కి, తన జడ కొస ముందుకు లాగి ఆయన ముక్కు కింద అడ్డంగా పట్టుకుంది.

"నూనె వాసనొస్తోందే!"

"మీసం మాట్లాడకూడదు. ఊరుకోండి."

ఫోన్ పచ్చగా వెలిగింది. ముగ్గురూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

డబ్బు పడింది. అంతటితో ఊరుకోక, ఆఫీసువాళ్లు సాయం అందుకున్న రైతుల ఫోటోలన్నీ పెద్దగా వేయించి గోడకి అంటించారు. మీసాలాయన ఫోటోలో చెవుల పక్కన రెండు గాజుల చేతులు స్పష్టంగా పడ్డాయి. చూసినవాళ్లంతా "ఎవరివోయ్ ఆ చేతులు?" అని అడుగుతుంటే తేలు కుట్టిన దొంగలా తప్పించుకు తిరిగాడు.

భార్య మాత్రం తయారై, ఆయన్ని వెంటబెట్టుకుని మరీ ఆఫీసుకి వెళ్లింది. ఫోటోని తృప్తిగా చూసుకుని గుమాస్తా దగ్గరికి నడిచింది.

"ఆ చేతులు నావే బాబూ. పత్తి ఏరేదీ అవే. వాటికేమైనా ఇస్తారా?"

గుమాస్తా చాలా గంభీరంగా, "దరఖాస్తు పెట్టుకోవాలమ్మా," అన్నాడు.

"ఇంక పోదాం పదవే," అని మీసాలాయన భార్య కొంగు పట్టి లాగాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, "రాయి బాబూ, చెబుతాను," అంది.