ఎర్ర కారులో ఒడిబియ్యం

పూలమ్మ విమానం ఎక్కబోతోందన్న సంగతి నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్కనున్న ఆ గల్లీలో తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు ఇంకా పుట్టలేదనుకోవాలి. టికెట్లు కొన్న రోజునే ఆవిడ చాటింపు వేసేసింది. కూరగాయల బండివాడికి చెప్పింది, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అబ్బాయికి చెప్పింది, పొరపాటున ఫోన్ చేసిన ఎవరో కరీంనగర్ ఆయనకు కూడా వదలకుండా చెప్పింది.

రాజమండ్రిలో కూతురు భాగ్య కొత్తిల్లు కట్టుకుంది. రేపు పొద్దున్నే గృహప్రవేశం. తల్లిగారింటి నుంచి వెళ్ళి కూతురి కొంగులో ఒడిబియ్యం పోయాలి. మామూలుగా అయితే రైల్లో పోయేవాళ్ళే. కానీ కొడుకు వెంకీ ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి ముఖం ముందు పెట్టి, "అమ్మా, గీసారి ఇమానంల పోతున్నం, ముగ్గురం" అన్నాడు. పూలమ్మకు నోట మాట రాలేదు. అలా జరగడం అరుదు.

వెంకీది అబిడ్స్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. డిగ్రీ ఎన్నిసార్లు తప్పాడో లెక్కపెట్టడం ఇంట్లోవాళ్ళు మానేశారు గానీ గల్లీవాళ్ళు మానలేదు. అక్కడ ఏ పిల్లవాడు పుస్తకం పక్కన పడేసినా "వెంకీగాని లెక్క అయితవ్" అని బెదిరించేవారు. ఆ మాట మొదట పుట్టింది మూడంతస్తుల మేడలో ఉండే వసుమతి నోట. వాళ్ళాయనకు బట్టల వ్యాపారం. ఆవిడ ఎప్పుడో రెండుసార్లు విమానంలో ఢిల్లీ వెళ్ళొచ్చి, ఆ ముచ్చట ఇప్పటికీ చెబుతూనే ఉంది. అందుకే పూలమ్మకు అవి ఉత్త టికెట్లు కావు. కొడుకు తలెత్తుకుని గల్లీలో నడిచే యోగం.

బయల్దేరేటప్పుడు మొగుడు బాలమల్లుకూ తనకూ గల్లీవాళ్ళు మెడలో దండలు వేశారు. పక్కింటి పద్మ నిండు బిందెతో ఎదురొచ్చింది. వసుమతి మాత్రం దూది ఉండలు చేతిలో పెట్టి, "చెవులల్ల పెట్టుకో పూలమ్మా, మీద గుయ్యిమంటది. నీకు అలవాటు లేదు గదా" అని నవ్వింది. పూలమ్మ ఆ దూది అప్పుడే పెట్టేసుకుంది.

ఆటో లకడీకాపూల్ దాటకముందే వెంకీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. విమానం రద్దు. నడిపేవాళ్ళు సరిపోక విమానాలు ఆగిపోతున్నాయని టీవీలో చెబుతూనే ఉన్నారు. "మనది చిన్న ఇమానం, దాన్నెవడు ఆపుతడు?" అని బాలమల్లే ధైర్యం చెప్పాడు. తీరా ఆపింది చిన్నవాటినే. వెంకీ చెప్పింది పూలమ్మకు వినబడలేదు. దూది తీసి మళ్ళీ చెప్పించుకుంది. ఆ తర్వాత, తీయకుండా ఉంటే బాగుండేదనుకుంది.

వెనక్కి తిరిగి పబ్లిక్ గార్డెన్‌లో ఒక బెంచీ మీద కూర్చున్నారు. పూలమ్మ ఒళ్ళో స్టీలు బేసిన్, అందులో పసుపు కలిపిన బియ్యం రాశిగా పోసి, పైన కొత్త జాకెట్ ముక్క కప్పి ఉంది. మెడల్లో దండలు అలాగే ఉన్నాయి. పొద్దుటి నడకకు వచ్చిన పెద్దమనుషులు వీళ్ళను చూసి, ఈ వయసులో పెళ్ళేమిటని వెనక్కి తిరిగి మరీ చూసి వెళ్తున్నారు.

"ఇంటికి పోదాం తియ్యే" అన్నాడు బాలమల్లు. "ఎట్ల పోవాల్నో గాడ కూసోని ఆలోచన జేద్దాం."

"ఏ మొఖం వెట్టుకోని పోదామంటవ్? దండలేసి సాగనంపిన్రు. గింతట్లనే తిరిగొస్తే నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. ఇమానం మనదా ఏంది?"

పూలమ్మ చుట్టూ చూసింది. వెంకీ దూరంగా చెట్టు కింద నిలబడి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. గొంతు తగ్గించి అంది: "నన్ను జూసి నవ్వితే ఫికర్ లేదయ్యా. వాన్ని జూసి నవ్వుతరు. టికెట్లు గుడ సక్కగ తెచ్చుడు రాదంటరు."

కొడుకు భుజాలు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు పాపం, విమానం కోసం.

వెంకీ మాత్రం చెట్టు కింద ఊరికే నిలబడలేదు. రైళ్ళన్నీ నిండిపోయాయి, బస్సుల్లో నిలబడే చోటు కూడా లేదు. స్టేషన్ వెనక సందులో కార్లు కిరాయికిచ్చే జితేందర్, వెంకీ పనిచేసే దుకాణానికి వచ్చిపోయే మనిషి. అతన్ని బతిమాలి ఒక బండి ఆపించాడు. వీళ్ళు వెళ్ళేసరికి అక్కడ తిరునాళ్ళలా ఉంది. చక్రాల పెట్టెలు లాక్కుంటూ, మెడలో టైలతో, చంకలో ల్యాప్‌టాప్‌లతో, విమానాలు దక్కని వాళ్ళంతా కార్ల మీద పడ్డారు.

"జల్ది దస్కత్ వెట్టు తమ్మీ" అన్నాడు జితేందర్, సంతకానికి కాగితం చాపి, తాళం చేతిలో పెడుతూ. "గిదొక్కటే ఉన్నది."

అది టమాటా పండంత ఎర్రటి కారు. కిరాయి బండి అని దూరం నుంచే తెలిసేలా నల్ల పలక మీద పసుపు నెంబరు. ఎవరి కంటా పడకుండా ఊరు దాటాలనుకునే మనిషికి ఇంతకంటే పనికిరాని బండి హైదరాబాద్ మొత్తం వెతికినా దొరకదు.

"డ్రైవరేడిరా?" అంది పూలమ్మ.

"నేనే అమ్మా. మా దుకాణం సేటు కారు రోజు నేనే తోల్త గదా. మొన్న విజయవాడ గుడ వొయ్యొచ్చిన."

"నాకెన్నడు జెప్పలే?"

"నువ్వెన్నడు అడగలే" అన్నాడు వెంకీ, నిష్ఠూరం లేకుండానే. అయినా ఆ మాట పూలమ్మకు ఎక్కడో గుచ్చుకుంది.

మొజంజాహీ మార్కెట్ మీదుగా కోఠి పోతే గల్లీ ముఖం చూడకుండా తప్పించుకోవచ్చని వెంకీ లెక్క. కానీ అటు రోడ్డు తవ్వేశారు. పోలీసాయన చెయ్యి ఊపి బండ్లన్నిటినీ స్టేషన్ రోడ్డు మీదికి, అబిడ్స్ వైపు తోలేశాడు. తోలిన బండ్లన్నీ ఒకచోట ఇరుక్కున్నాయి. ఎర్ర కారు ఆగింది సరిగ్గా వాళ్ళ గల్లీ మొగదలలో.

పూలమ్మ బేసిన్‌ను సీటు మీద పెట్టి, తాను సీట్ల మధ్యకు జారిపోయి కొంగు నెత్తిన కప్పుకుంది. ముందు కూర్చున్న బాలమల్లు ఇంకేం తోచక కళ్ళద్దాలు తీసేశాడు. తనకు ఎవరూ కనబడకపోతే తానూ ఎవరికీ కనబడనని ఆయన నమ్మకం కాబోలు.

ఎడమ నుంచి సిటీబస్సు మూతి పెట్టింది. కుడి నుంచి ఆటో దూరింది. మధ్యలోంచి జామపండ్ల బండి. వెంకీ హారన్ కొట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒక ముసలావిడ దాటేదాకా ఆగి, మెల్లగా ఇంచుమించు నడకలా బండిని ముందుకు జరుపుతున్నాడు. పూలమ్మ కళ్ళ ముందే బేసిన్ ఉంది. జాకెట్ ముక్క ఒకపక్కకు తొలగింది గానీ పసుపు బియ్యం రాశి చెదరలేదు. బాలమల్లు సైకిల్ తొక్కినప్పుడు కూడా ఆవిడ ఇంత నిబ్బరంగా కూర్చున్నది లేదు. ఇంత పనితనం ఈ పిల్లవాడు ఎప్పుడు నేర్చుకున్నాడు? గల్లీవాళ్ళ మాటలు వింటూ తానూ వాణ్ణి సరిగ్గా చూడనేలేదా?

"ఏందిరా వెంకీ! ఇమానం ఎక్కలేదా?"

వసుమతి గొంతు. జామపండ్ల బండి దగ్గర బేరమాడుతున్నదల్లా ఎర్ర కారును చూసి దగ్గరికొచ్చింది. బాలమల్లు కిందపడ్డ కళ్ళద్దాలు వెతుక్కుంటున్నట్టు ముందు సీట్లోంచి కిందికి జారిపోయాడు.

వెంకీ వెనక్కి తిరగలేదు. పెదవులు కదిలీ కదలకుండా, "అమ్మా, కిందికే ఉండు" అన్నాడు. ఆపైన అద్దం సగం దించి గట్టిగా చెప్పాడు: "అమ్మోళ్ళు పోయిన్రు ఆంటీ. ఇమానం ఎక్కిన్రు. నా టికెట్టే... నేనే తప్పు తారీకు కొట్టిన. గందుకే కారుల పోతున్న."

"నీ పనులన్నీ గిట్లనే ఉంటయిరా" అంది వసుమతి నవ్వుతూ. "అమ్మనాయినను గుడ సక్కగ తోల్కపోవుడు రాదు. ఎన్నడు బాగువడ్తవో ఏమో."

"ఔ ఆంటీ" అన్నాడు వెంకీ.

ఆ 'ఔ' విన్నాక పూలమ్మ కింద ఉండలేకపోయింది. తన పరువు కోసం కొడుకు వాడి తలే దించేసుకున్నాడు, అదీ అలవాటైన పనిలాగా. సిగ్గుతో, కోపంతో, ప్రేమతో ఆవిడకు ఏడుపొచ్చేసింది. కొంగు లాగేసి, సీటు పట్టుకుని పైకి లేచి, తన పక్క అద్దం మొత్తం దించింది. సీట్ల మధ్య నుంచి మనిషి మొలిచేసరికి వసుమతి చేతిలో జామపండ్లు జారిపోయాయి.

"వాని టికెట్ల తప్పు లేదు, వసుమతమ్మా" అంది పూలమ్మ. "ఇమానమే ఆగిపోయింది. నవ్వుతరని నేనే కింద దాక్కున్న. నా ఇజ్జత్ కాపాడదామని వాడు తన మీదేసుకున్నడు."

"అయ్యో... రాజమండ్రి దాకా వీడే నడుపుతడా?"

"ఔ, వీడే. ఇమానంల అయితే ఎవడు నడుపుతుండో మనకు కనవడడు. గిప్పుడు నా కొడుకు నడుపుతుండు, నేను ఎనక కూసోని సూస్కుంట పోత."

వసుమతి ఏదో అనబోయింది గానీ ముందున్న బస్సు కదిలింది. వెంకీ బండి కదిలించాడు. వాడి చెవులు కారు కంటే ఎర్రబడి ఉన్నాయి. "అద్దం ఎయ్యమ్మా, దుమ్మొస్తది" అన్నాడు.

"రానీ" అంది పూలమ్మ, మోచెయ్యి కిటికీ మీద ఆనించి. "అబిడ్సంతా సూడనీ."