ఎర్ర ప్లగ్గు

"ఇది పట్టుకుని నేను టపీమని పోయాననుకో, నీకు అన్నం ఎవరు పెడతారురా?"

దుప్పటి వెనక నేలమీద చతికిలబడి అమ్మ ఆ మాట పైకే అంది. కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. ఇంట్లో చెప్పులేసుకునే మనిషి కాదు, ఈ పనికి మాత్రం వేసుకుంటుంది. ఆ తీగలో వచ్చేది పాటేగానీ మనిషిని చంపేంత కరెంటు కాదని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. మరి పాట దేంతో వస్తుందంటుంది.

కొడుకు జవాబు చెప్పలేదు. ఈమధ్య చెప్పడం మానేశాడు.

ముందుగదిలో ఎదురెదురు గోడలకు రెండు మేకులు, వాటికి అడ్డంగా తాడు, తాడుమీద పాత దుప్పటి. దుప్పటికి ఇవతల పాటల పెట్టె, యాంప్లిఫయరు, చెరోపక్కా నడుమెత్తు స్పీకర్లు. అవతల కుర్చీలో కళ్ళు మూసుకుని కొడుకు. ఏ కేబులు తగిలించిందో అతను చూడకూడదు. చూస్తే చెవి మాట కన్ను విననివ్వదట. అందుకని మార్చే పని అమ్మది. అతను చేతిలోని రిమోటుతో పాట గొంతు తగ్గిస్తాడు, ఈమె ఉన్నది పీకి ఇంకోటి పెట్టి "అయింది" అంటూ గట్టిగా అరుస్తుంది, అతను మళ్ళీ పెంచి వింటాడు. తెల్ల ప్లగ్గు ఎడమ స్పీకరుకి, ఎర్రది కుడిదానికి. సెలవురోజు వచ్చిందంటే తల్లీకొడుకులకు ఇదే పని.

పదహారేళ్ళప్పుడు స్టీరియోల కొట్లో వైర్ల చిక్కులు విప్పడానికి చేరినవాడు, జుట్టు నెరుస్తున్నా అక్కడే ఉన్నాడు. పెళ్ళి మాటెత్తితే, "ఈ గోల భరించే పిల్ల ఎక్కడుందమ్మా?" అని స్పీకర్లను చూపించి నవ్వేసేవాడు. కొట్లో అతన్ని పేరుపెట్టి ఎవరూ పిలవరు, 'చెవిగారు' అంటారు. కొత్త కేబులేదైనా వస్తే ముందు చెవిగారు వినాలి. ఆయన ఊఁ అంటేనే ఓనరు సరుకు దింపుతాడు. ఈ సాయంత్రం ఓనరే ఇంటికి వస్తున్నాడు. ఒక పళ్ళ డాక్టరు తన హాలుకోసం రెండు ఖరీదైన కేబుళ్ళలో ఏది కొనాలో తేల్చుకోలేక చెవిగారి తీర్పుకోసం కాచుకుని ఉన్నాడట.

"గొంతు తగ్గించావా? ఇప్పుడు పీకనా?"

పాట సన్నబడింది. ఆమె మొదటి కేబులు పీకేసింది. రెండోది బొటనవేలంత లావు, పాముపిల్లలా బిగుసుకుని మాట వినదు. తెల్ల ప్లగ్గు నొక్కింది. అంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పాలు! మోకాళ్ళు పట్టుకుని లేచి పరుగెత్తింది. స్టవ్వు కట్టేసి, పొంగిన పాలు గుడ్డతో తుడుస్తూ, కాస్త ఆలస్యమైతే ఇల్లు తగలబడి ఉండేదని, అగ్నిమాపకం వాళ్ళు మెట్లెక్కేసరికి తమ ఎముకలే దొరికేవని అంతా ఊహించేసుకుని, తిరిగొచ్చి దుప్పటి వెనక కూర్చుంది.

"అయింది!"

పాట పెరిగింది. అవతల కొడుకు చాలాసేపు కదల్లేదు. తర్వాత తొడమీద చరుచుకున్నాడు.

"ఇదేనమ్మా! చూశావా, గజిబిజంతా పోయింది. గొంతు విడిగా వచ్చి నిలబడింది. నెలలబట్టీ వెతుకుతున్నది ఇదే. ఏ కేబులో ఇప్పుడే చెప్పకు, ఇంకోసారి వింటాను."

ఆమె ముఖం విప్పారింది. వాడికి నచ్చింది, చాలు. లేవబోతూ అరచెయ్యి నేలకు ఆనించింది. వేళ్ళకు చల్లగా ఏదో తగిలింది.

ఎర్ర ప్లగ్గు. చెప్పు పక్కన పడి ఉంది.

కుడి స్పీకరు గుడ్డమీద చెయ్యి పెట్టి చూసింది. కదలిక లేదు. ఎడమదాని గుడ్డ మాత్రం పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. సగం పాట రావడమే లేదు. ఆమెకే తెలుస్తోంది. పాటలో ఓనమాలు తెలియని తనకే.

దుప్పటి తొలగించుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, అతని కుడిపక్కన నిలబడింది.

"నాన్నా."

కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఒరే నాన్నా, గ్యాసు వాసన వస్తోందిరా."

ఆ మాటంటే లేచి నవ్వాలి, "నీ ముక్కుకి దణ్ణమమ్మా" అనాలి. తలైనా తిప్పలేదు.

అప్పుడామెకు ఒకదాని వెనక ఒకటి అన్నీ గుర్తొచ్చాయి. వంటింటి గుమ్మం ఆ కుర్చీకి కుడివైపే. అక్కణ్ణుంచి పిలిస్తే పలకడు, ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం నోటివంక చూస్తూ చక్కగా చెబుతాడు. "వీడికి కొమ్ములొచ్చాయే, తల్లంటే లెక్కలేదు" అని చెల్లెలికి ఫోన్ చేసి ఏడ్చింది. ఒకసారి రెండు పూటలు అలిగి పడుకుంటే వాడే వచ్చి గడ్డం పట్టుకున్నాడు. "ఏమైందమ్మా? చెబితేగా తెలిసేది?" అన్నాడు. చెప్పాను, వంటింట్లోంచి పదిసార్లు చెప్పాను, నటించకు అంటూ చెయ్యి విదిలించేసింది.

ఆ కేబుళ్ళు కూడా. ముందు పాటల పెట్టె పాడైందన్నాడు. తర్వాత ప్లగ్గులకు చిలుమన్నాడు. తర్వాత కేబులుమీద కేబులు. తెచ్చిన ప్రతిదీ కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ మసకేసిందనేవాడు. పోయిందేదో తీగలోనే ఉందని వాడు వెతుక్కుంటున్నాడు. పాటలో చుక్క తగ్గిందంటే కేబులు తప్పే కావాలి, ఇంకెవరి తప్పూ కాకూడదు.

లారీకి భయపడింది, లిఫ్టుకి భయపడింది, తడి మెట్టుకి, కొత్త మాత్రకి, వాడు తిన్న చేప ముల్లుకి భయపడింది. ఎదురుగా జరుగుతున్న దీనికి మాత్రం అలిగి పడుకుంది. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఉన్నట్టుండి ఇంకో భయం గుండెల్లో పొడిచింది. చిన్నప్పుడు, వాడు చెప్పకుండా మేడెక్కినప్పుడు, ఎదురుగా నిలబెట్టి చాచి కొట్టింది. ఆ దెబ్బ ఏ చెంప మీద పడింది? కుర్చీకి ఎదురుగా వెళ్ళి కుడిచెయ్యెత్తి గాలిలో కొలుచుకుంది. ఎడమ చెంప. కుడిది కాదు. అమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం ఒళ్ళంతా సిగ్గుతో చచ్చుబడింది. వాడి చెవి పోతే నాకు అమ్మయ్యేమిటి?

కొడుకు కళ్ళు తెరిచాడు. ఎత్తిన చెయ్యి చూసి నవ్వాడు.

"ఏంటమ్మా, కొడతావా? పాలు పొంగించింది నువ్వు కదా!"

ఆమె వెళ్ళి దుప్పటి అంచు పైకెత్తి పట్టుకుంది.

నేలమీది ఎర్ర ప్లగ్గు అతనికి కనిపించింది. నవ్వు కాసేపు ముఖంమీద అలాగే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో దానికి తెలియనట్టు. తర్వాత చెవుల తమ్మెలు ఎర్రబడ్డాయి. తప్పుచేసి దొరికిపోయిన పిల్లాడిలా కుర్చీలో ముడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళైందిరా?"

ఆమె పెదాలవంక చూశాడు.

"పోనీలే. ఎవరికీ తెలియక్కర్లేదు." ఆమె గబగబా అతని ముందు కూర్చుని, రెండు మోకాళ్ళూ పట్టుకుంది. "నేను విని చెబుతాను. ఏది బాగుందో నాకూ తెలుస్తుందిగా. నా మాటే నీ మాటగా వాళ్ళకి చెప్పు. నీ పేరు నీకుంటుంది. ఏంరా?"

వీధి తలుపు గంట మోగింది. అతనికి వినిపించలేదు. ఆమె కళ్ళు అటు తిరగడం చూసి, తనూ అటు చూశాడు.

"చెవిగారూ, తీర్పు రెడీయేనా? డాక్టరుగారు ప్రాణం తీస్తున్నాడు!" తలుపవతల ఓనరు గొంతు, వెనకే నవ్వు.

గంట మళ్ళీ మోగింది. ఎడమ స్పీకరులో పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అతను అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. మూడోసారి గంటకు ఆమె లేవబోయింది. అతను చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వెళ్ళి తియ్యమ్మా," అన్నాడు చివరికి. "నువ్వేం చెప్పకు. నాకు వినిపించట్లేదని నేనే చెప్తాను."

ఆమె తలుపు తీసింది. ఓనరు లోపలికి రాబోతుంటే కొడుకు కేబుళ్ళ డబ్బా చంకన పెట్టుకుని ఎదురెళ్ళాడు, "కింద మాట్లాడుకుందాం రండి" అని. మెట్లమీద ఓనరు నవ్వు రెండు మలుపులదాకా వినిపించింది. మూడో మలుపులో ఆగిపోయింది.

వాకిట్లోనే నిలబడి, ఇక ఏమీ వినిపించకపోయేసరికి అమ్మ లోపలికి వచ్చింది. డబ్బాలోకి ఎక్కని లావు కేబులు దుప్పటి వెనకే ఉండిపోయింది. తెల్ల ప్లగ్గు దాని చోట దిగి ఉంది. ఎర్రది నేలమీద ఉంది, ఆమె రబ్బరు చెప్పు పక్కన.