చాప మీద తొమ్మిది రోజులు

సుబ్బాయమ్మ తన తమ్ముడి కూతురి పరీక్ష పాడు చేసింది. ఆ తమ్ముడు ఆదిశేషయ్యకు ఇది తేలిపోయిన సంగతి. దీని మీద వాదన పెట్టుకునే మనిషి కాడతను.

వినగడపలో అతనికి నాలుగెకరాల మెరక పొలం, ఒక్కతే కూతురు. ప్రమీలారాణికి ఆరో ఏట అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. మరుసటేడు తల్లి పోయింది. బళ్లో చేర్చుకోమంటే, కళ్లు లేని పిల్లకి మేమేం చెప్తాం, అలాంటివాళ్ల బడి ఎక్కడో ఉందట, అక్కడికి పంపించమన్నారు. ఎక్కడో ఉన్న బడికి అతను పంపలేదు. తను చదివింది ఊళ్లో అయిదో తరగతి. ఆ చదువుతోనే పుస్తకాలు కొనుక్కొచ్చి, పొలం నుంచి వచ్చాక కూడబలుక్కుంటూ పైకి చదివేవాడు. ఆ పిల్ల ఒక్కసారి వింటే చాలు. రెండోసారి తండ్రి తప్పు చదివితే దిద్దేది. గోనెపట్టా మీద పురికొస అంటించి దేశపటం చేశాడు. నదుల దారిన చింతగింజలు అంటించాడు. చీపురుపుల్లలు విరిచి మట్టిలో గుచ్చి త్రిభుజాలు చేశాడు. లెక్కలు మాత్రం అతని వల్ల కాలేదు. గంపలగూడెం మిషను బడిలో పనిచేసే శాంతయ్య మాస్టారు ఆదివారం ప్రార్థన అయ్యాక సైకిలు మీద వచ్చి చెప్పి వెళ్లేవారు.

అలా పదేళ్లు చదివించి, డెబ్భై ఆరులో పదో తరగతి ప్రైవేటుగా కట్టించాడు. బెజవాడలో ఒక కాలేజీ ప్రిన్సిపాలు గారు, పాసై వస్తే చేర్చుకుంటానని శాంతయ్య గారికి ఉత్తరం రాశారు. ఆయన ఆగస్టులో రిటైరవుతారు. తర్వాత వచ్చేవాళ్లు ఏమంటారో ఎవరికీ తెలియదు.

కళ్లు లేనివాళ్లు చెప్తుంటే ఇంకొకరు రాయొచ్చు. రాసేవాళ్లు కింది తరగతిలో ఉండాలి. పేరు ముందే పంపాలి, పైనుంచి కాగితం రావాలి. ఆదిశేషయ్య మూడుసార్లు బందరు వెళ్లి ఆ కాగితం తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది అక్క సుబ్బాయమ్మ కూతురు సరోజినీదేవి పేరు. ఎనిమిదో తరగతి పిల్ల.

రెండు నెలలు ఆడపిల్లలిద్దరూ అరుగు మీద కూర్చుని అలవాటు చేసుకున్నారు. ప్రమీల వాక్యం చెప్పి వేలితో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేది. అంటే అక్కడ చుక్క. రెండు దెబ్బలు కొడితే కొత్త పేరా. లెక్కల్లో బొమ్మ వస్తే సరోజిని అరచేతిలో వేలితో గీసేది. ఆ పిల్ల దాన్నే కాగితం మీద వేసేది.

పరీక్షలు తిరువూరులో, సోమవారం మొదలు. శుక్రవారం పొద్దున ఆదిశేషయ్య కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కబురు వచ్చింది. సరోజిని పెద్దమనిషైంది. మూల చాప వేసి కూర్చోబెట్టారు.

అతను కాళ్లు కూడా కడుక్కోకుండా అక్క ఇంటికి వెళ్లాడు. ఇలాంటప్పుడు నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి మేనమామే తేవాలి.

"చిమ్మిలేదిరా? వట్టి చేతులతో వచ్చావేం?" అంది సుబ్బాయమ్మ.

"సోమవారం పరీక్ష అక్కా."

"తొమ్మిది రోజులు పిల్ల గడప దాటదు. నీకు తెలియందా?"

గూడుబండి కడతానన్నాడు. దుప్పటి కప్పి తీసుకెళ్లి దుప్పటి కప్పి తీసుకొస్తానన్నాడు. వేరే గదిలో కూర్చోబెడతారు, మగవాళ్ల కంట పడదన్నాడు. సుబ్బాయమ్మ అన్నీ వింది.

"రేపు దాని పెళ్లి మాటలప్పుడు ఇదే ఎత్తుతారు. అప్పుడు నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

"నా పిల్లకి పెళ్లి మాటలు కూడా లేవు. ఉన్నది ఈ పరీక్ష ఒక్కటే."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సెప్టెంబరులో మళ్లీ పెడతారటగా, అప్పుడు తప్పకుండా పంపిస్తానంది. ఆర్నెల్లలో ఏం మునిగిపోతుందంది. ఆగస్టు సంగతి ఆమెకు చెప్పి ప్రయోజనం లేదని అతను లేచాడు. మూల కట్టిన చీర వెనకనుంచి సరోజిని గొంతు వినిపించింది.

"మామయ్యా, ఎవరు రాసినా సరే, బొమ్మలు మాత్రం చేతిలో గీసి చూపించమని వదినకి చెప్పు."

అతను వీధిలోకి నడిచాడు.

అన్నేళ్లూ శాంతయ్య మాస్టారే అతని ఇంటికి వచ్చారు తప్ప, అతను ఏనాడూ ఆయన గడప తొక్కలేదు. ఆ సాయంత్రం తొక్కాడు. మాస్టారి కూతురు రిబ్కా కూడా ఎనిమిదో తరగతే. కాగితంలో వేరే పేరుందే అని ఆదిశేషయ్య నసిగాడు.

"రానివ్వకపోతే రానివ్వరు. అడక్కుండానే ఇంట్లో కూర్చుంటామా ఆదిశేషయ్య గారూ?" అన్నారు మాస్టారు.

శనివారం రిబ్కా చదివే బడి హెడ్మాస్టరు చేత ఉత్తరం రాయించారు. ఆదివారమంతా రిబ్కాకి దెబ్బల లెక్క నేర్పింది ప్రమీల. చుక్క పెట్టాల్సిన చోట పేరా మార్చేది ఆ పిల్ల. పేరా మార్చాల్సిన చోట రాయడం ఆపి మొహంలోకి చూసేది.

సోమవారం మొదటి బస్సు కిక్కిరిసి ఆగకుండా పోయింది. రెండో బస్సు తిరువూరులో దించేసరికి పరీక్షకు పది నిమిషాలుంది. సూపరింటెండెంటు గారు ఆ కాగితం చూసి, ఈ ఉత్తరం చూసి, పేరు కలవలేదన్నారు. శాంతయ్య గారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. అడిగి చెప్తానని ఆయన లోపలికి వెళ్లారు. గంట కొట్టారు. వరండాలో నిలబెట్టేశారు.

లోపల కాగితాల చప్పుడు. ప్రమీల హాల్ టికెట్టు రెండు చేతులా పట్టుకుని పెదవులు కదుపుతోంది. పద్యాలకు ప్రతిపదార్థాలు. ఆదిశేషయ్య కిటికీలోంచి గోడ గడియారం చూస్తున్నాడు.

"ఎంతసేపైంది నాన్నా?"

"పది నిమిషాలు."

నలభై నిమిషాలైంది.

చివరికి సూపరింటెండెంటు గారు వచ్చారు. తన పూచీ మీద రాయనిస్తానన్నారు. పైవాళ్లు ఒప్పుకోకపోతే పేపర్లు కొట్టేస్తారని, పోయిన టైము తిరిగి ఇవ్వడానికి మాత్రం రూలు లేదని చెప్పారు. ప్రమీల రిబ్కా భుజం పట్టుకుని లోపలికి వెళ్లింది.

రోజూ అతను ప్రహరీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎవరైనా బయటికి వస్తే, పంపేశారేమోనని లేచేవాడు. లెక్కల రోజు ప్రమీల మొహం పాలిపోయి వచ్చింది. బొమ్మ గీయడానికి తను రిబ్కా చెయ్యి పట్టుకోబోతే, పరీక్షలో ఒకరినొకరు ముట్టుకోకూడదని హాల్లో ఉన్నాయన అన్నాడట.

"బొమ్మలన్నీ వదిలేశాం నాన్నా," అంది.

పేపర్లు ఎవరూ కొట్టెయ్యలేదు. మిగతావన్నీ పాసైంది. లెక్కలు పోయాయి. అయిదు మార్కులు తక్కువ. రిబ్కా వచ్చి తనదే తప్పని ఏడిస్తే ప్రమీల ఊరుకోబెట్టింది. తప్పు ఎవరిదో ఆదిశేషయ్యకు తెలుసు. బెజవాడ ప్రిన్సిపాలు గారు ఆగస్టులో రిటైరయ్యారు.

సెప్టెంబరు పరీక్షకు దరఖాస్తు పెట్టాలి. ఈసారి శాంతయ్య మాస్టారు ముందే అర్జీ రాసి, బొమ్మలు చేతిలో గీసి చూపించవచ్చని పైనుంచి రాతపూర్వకంగా తెప్పించారు. రాసేవాళ్ల పేరు దగ్గర ఆదిశేషయ్య కలం పెట్టబోతుంటే సుబ్బాయమ్మ వచ్చింది. వెనకాల సరోజిని, కొత్త ఓణీలో.

"నేనన్న మాట ప్రకారం తీసుకొచ్చానురా."

"అక్కర్లేదు. మాస్టారి పిల్ల వస్తుంది."

సుబ్బాయమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమె మెల్లిగా వెనక్కి తిరుగుతుంటే ప్రమీల అరుగు మీదనుంచి మాట్లాడింది.

"నాన్నా, పరీక్ష నాది. ఎవరి చేత్తో రాయించుకోవాలో నేను చెప్తాను. సరోజిని పేరు రాయి."

పదేళ్లు ఆ పిల్లకి చదివిపెట్టిన మనిషి. ఆ గొంతులో ఎప్పుడు దిద్దుబాటు ఉంటుందో, ఎప్పుడు బతిమాలుడు ఉంటుందో అతనికి తెలుసు. ఇది బతిమాలుడు కాదు. సరోజినీదేవి అని రాశాడు. ఇంటిపేరుతో సహా రాశాడు. కలం మూసి పొలానికి వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు అక్కా తమ్ముళ్లిద్దరూ తిరువూరులో ఆ ప్రహరీ పక్కనే రెండున్నర గంటలు కూర్చున్నారు. సుబ్బాయమ్మ మరచెంబుతో మంచినీళ్లు ఇవ్వబోయింది. అతను రోడ్డు అవతల టీ కొట్టుకు వెళ్లి తాగి వచ్చాడు. వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాడు. లోపల ఆడపిల్లలిద్దరూ ఏం చేస్తున్నారో తెలియక, ఎవరైనా బయటికి వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే లేచేవాళ్లు. ఆ సంగతి సుబ్బాయమ్మ చూసింది. అతను చూడలేదు, లేదా చూడనట్టున్నాడు.

ప్రమీల పాసైంది. కాలేజీకి మాత్రం ఒక ఏడాది ఆగాల్సి వచ్చింది. కొత్త ప్రిన్సిపాలు నాలుగుసార్లు తిప్పుకుని చేర్చుకున్నాడు.

ఆ ఏడాది సంక్రాంతి ముందు, ఇక అక్కగారితో మాట్లాడండి, ఆవిడ భయం ఆవిడది కదా అని శాంతయ్య మాస్టారు మెల్లిగా కదిపారు.

"మీరు చెప్పారని విన్నాను మాస్టారూ," అన్నాడు ఆదిశేషయ్య. "ఆ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.