నాలుగు చేతుల దిండు

ఆ అక్కాచెల్లెళ్ళని వీధిలో దిండ్లక్కలు అనేవారు. వాళ్ళ ముందుగది నిండా దూదే. అక్క మిషను మీద మూడు వైపులా కుట్టి దూది కూరేది. నాలుగో వైపు చెల్లెలు చేత్తో మూసేది. ఎక్కడ మూసిందో వేలు పెట్టి వెతికినా దొరికేది కాదు.

చెల్లెలికి వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లూ దిండ్లూ చూసుకునే ఉద్యోగం వచ్చింది. నెల రోజుల్లో చేరాలి. అక్క ఆ ఉత్తరం చదివి, మడతపెట్టి ఇచ్చేసింది. మర్నాడు లేబుళ్ళు అచ్చువేసే అతని దగ్గరికి వెళ్ళింది.

"దిండుకి కుట్టే గుడ్డ లేబుళ్ళు కావాలి బాబూ. 'ప్రతి దిండూ నాలుగు చేతుల పని' అని వెయ్యాలి."

"బాగుందమ్మా, జనం నోట్లో నానుతుంది. రెండొందలు చాలు కదా?"

"వెయ్యి."

"వెయ్యే! నెలకి ముప్పై దిండ్లు కుడితే గొప్ప మీరు."

"వెయ్యి అన్నానా!"

లేబుళ్ళు పొడుగాటి గుడ్డ చుట్టగా వచ్చాయి. ఒక్కొక్కటీ కత్తిరించి అంచులు మడిచి కుట్టుకోవాలి. చెల్లెలు చుట్ట విప్పితే అది దొర్లుకుంటూ వంటింటి గుమ్మం దాకా పోయింది.

"ఏంటక్కా ఇది? దీంతో ఇల్లు చుట్టేద్దామనా, నన్ను చుట్టేద్దామనా?"

"వ్యాపారమన్నాక పదిమందికీ గుర్తుండే మాట ఒకటి ఉండాలే."

"ఇన్నేళ్ళూ లేని మాట, ఉత్తరం వచ్చిన మర్నాడే తట్టిందా?"

అక్క మిషను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు వంగింది. సూదిలో దారం ముందే ఉంది.

"నాలుగు చేతులని అచ్చువేయించి రెండు చేతులతో కుడితే అబద్ధం కాదూ?" అంది చివరికి. "కొనేవాళ్ళకి మొహం ఎలా చూపించను?"

"చూపించేలా చేసే పోతాలే. ఆ కత్తెర ఇటివ్వు."

ఆ రోజు నుంచి దిండ్ల పని అయ్యాక చెల్లెలు లేబుళ్ళు ముందేసుకుని కూర్చునేది. అంచులు మడిచి, కంటికి ఆనని కుట్టు వేసేది. రోజుకి నలభై, ఒక్కోరోజు యాభై. బయలుదేరే ముందురోజుకి వెయ్యీ పూర్తిచేసి రేకుడబ్బాలో సర్దింది.

"ఇదిగో. వీటిల్లో నా రెండు చేతులూ ఉన్నాయి. ఇక నీ మాట అబద్ధం కాదు."

"ఇవి అయిపోతే?"

"సెలవు దొరికినప్పుడల్లా వస్తాను. ఇవి అయిపోతే మాత్రం సెలవు దొరక్కపోయినా వస్తాను."

అక్క డబ్బా మూత నొక్కిపెట్టింది.

చెల్లెలు వెళ్ళాక కుట్టిన మొదటి దిండుకి నాలుగో వైపు అక్కే మూసింది. కొనడానికి వచ్చినావిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఈ కుట్టు వంకరగా ఉందేంటండీ?"

"ఆ వంకర నాది. లేబుల్ కుట్టు మా చెల్లిది."

"అయితే నాలుగు చేతులే లెండి" అని ఆవిడ దిండు చంకన పెట్టుకుంది.

అంతవరకూ అక్క గిరాకీ కోసం గడప దాటింది లేదు. ఇప్పుడు మధ్యాహ్నం కాగానే చంకకో దిండు చొప్పున పెట్టుకుని హాస్టళ్ళకీ లాడ్జీలకీ తిరుగుతోంది. ఒకరోజు అచ్చువేసే అతను తన కొట్టు మెట్ల మీంచి పిలిచాడు.

"మీ మాట ఊరంతా పాకిందమ్మా! ఇంకో వెయ్యి వేయమంటారా?"

"వద్దు బాబూ" అంది అక్క, దిండ్లు ఎగదోసుకుంటూ. "రెండొందలు చాలన్నప్పుడే నీ మాట వినాల్సింది."