సాక బిందె

మా గల్లీలో నీళ్ళు రెండు రకాలు. ఒకటి బావినీళ్ళు, రెండోది నల్లానీళ్ళు. బావి ఎవరు తవ్వించారో ఎవరికీ తెలీదు. రాతికట్టు, ఇనుపగిలక, ఎంత ఎండాకాలంలోనైనా తేటగా ఊరే నీళ్ళు. నల్లా మాత్రం బల్దియావాళ్ళు, అంటే మునిసిపాలిటీవాళ్ళు, వేయించింది. దాని గొట్టం గల్లీ మొదటినుంచి చివరిదాకా మోరీలోనే, ఆ మురిక్కాలవలోనే, మునిగి వస్తుంది. నల్లా వదిలినప్పుడు ముందు గాలి వచ్చేది, తర్వాత ఎర్రనీళ్ళు, ఆ తర్వాత నీళ్ళనదగ్గవి. వాటితో గిన్నెలు తోముకునేవాళ్ళం, బట్టలు ఉతుక్కునేవాళ్ళం. తాగడానికి మాత్రం బావినీళ్ళే. ఈ తేడా మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఆఫీసర్లకే.

మేం భీమవరం వాళ్ళం. మా ఆయన శ్రీహరిరావుకు సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగం వస్తే పాతబస్తీకి వచ్చి, సక్కుబాయి ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆవిడ చార్మినారు దగ్గర పూలమ్మేది. భర్త లేడు. కొడుకు గుండయ్య పత్తర్‌గట్టిలో బట్టల దుకాణాలకు మూటలు మోసేవాడు. అరవైతొమ్మిది గొడవల్లో కొందరు కుర్రాళ్ళు వచ్చి ఆంధ్రావాళ్ళను ఖాళీ చేయించమన్నారు. సక్కుబాయి పూలగంప గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

"నీ అయ్య పెండ్లికి పూలదండ గుచ్చిన చెయ్యిరా ఇది. నాకే చెప్పవస్తివా? పో, ఇంటికి పోయి బువ్వ తిను" అంది వాళ్ళలో ముందున్నవాడితో. వాడు నిజంగానే ఇంటికి పోయాడు. ఆ రోజునుంచి నాకు ఈ ఊళ్ళో అమ్మంటూ ఉంటే సక్కుబాయే.

అదయ్యాక మూడేళ్ళకు, ఆషాఢం ఇంకా పడకముందే, గత్తర వచ్చింది. కలరాను ఇక్కడ అలాగే అంటారు. గల్లీ చివర ఒక ముసలాయన పోయాడు, ఆ వెనకే ఇద్దరు పిల్లలు. అప్పుడు గాని వార్డు ఆఫీసుకు మెలకువ రాలేదు.

ఒక ఉదయం జీపులో శానిటరీ ఇన్‌స్పెక్టరు దిగాడు. వెంట మనుషులు, సూదుల పెట్టె, తెల్లపొడి బస్తాలు. పొడి గల్లీకి రెండు పక్కలా ముగ్గు వేసినట్టు తిన్నగా పోశారు. మోరీలో ఒక గుప్పెడైనా పడలేదు. ఇదేం ముచ్చటని అడిగితే, పెద్ద ఆఫీసరు చూడ్డానికి వస్తున్నారు, ఆయన నడిచే దారి శుభ్రంగా కనిపించాలి అన్నారు. గత్తర కూడా ఆ దారినే నడుస్తుందని వాళ్ళకెవరు చెప్పారో మరి.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు బావి దగ్గరికి వెళ్ళి బండలు దింపించాడు. బావి మూసేస్తున్నారని అప్పటిగ్గాని మాకు అర్థం కాలేదు. నేను వంటింట్లోంచి తడిచేతులతోనే పరుగెత్తాను.

"బావి ఎందుకండీ మూస్తున్నారు? మేం తాగే నీళ్ళు ఇవే" అన్నాను.

"చూడండమ్మా, ఓపెన్ వెల్స్ అన్నీ క్లోజ్ చేయమని ఆర్డర్ ఉంది. నల్లా వాటర్ ఫిల్టరై వస్తది, అది తాగండి."

"ఫిల్టరైన నీళ్ళు మోరీలో మునిగి వస్తున్నాయి కదండీ. ఆ గొట్టం ఎక్కడెక్కడ చిల్లులు పడిందో ఒక్కసారి వంగి చూడండి."

అతను వంగలేదు. "పైపులు మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా" అన్నాడు. ఆ మాట అతను మర్యాదగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది ఆ మర్యాదకే.

సక్కుబాయి అతనితో వాదించలేదు. ఆవిడ ఫికరు వేరు. "సారూ, బాయి మూస్తే బోనాలకు అమ్మవారికి సాక ఏడికెల్లి తేవాలె?" అంది.

బోనాలనాడు పసుపు, వేపాకు వేసిన నీళ్ళు తెచ్చి పోచమ్మ గుడిముందు ధారగా పోస్తారు. దాన్నే సాక పొయ్యడం అంటారు. అమ్మవారు చల్లబడితే గల్లీలో రోగాలు చల్లబడతాయని వాళ్ళ నమ్మకం. మా గల్లీ సాక ఎప్పుడూ సక్కుబాయి చేతిమీదుగానే జరిగేది.

"నల్లా నీళ్ళు పొయ్యండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గవి మోరీల కెల్లి వచ్చే నీళ్ళు సారూ. మనుషులకే పోయొద్దు, అమ్మవారికి పోస్తరా?"

అతని మనుషులు సిమెంటు కలుపుతున్నారు. అందరం చేతికందిన బిందెల్నీ, గుండిగల్నీ తెచ్చి తోడుకున్నాం. సక్కుబాయి ఇత్తడిబిందె నిండా తోడి, పసుపు రాసి, వేపమండ పెట్టి, మూతిమీద కొత్తగుడ్డ కట్టి దేవుడి మూల పెట్టింది. మిగతా ఇళ్ళలో తోడుకున్న నీళ్ళు ఒకటి రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ బిందె మాత్రం అలాగే ఉంది.

తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. బావి ఉన్నప్పుడు గల్లీ చివరనే ఉన్న గత్తర, బావి మూశాక ఇంటింటికీ వచ్చింది. మా ఆయన అర్జీ రాసుకుని వార్డు ఆఫీసుకు వెళ్ళారు. అక్కడివాళ్ళు నీళ్ళ ఆఫీసుకు పొమ్మన్నారు, నీళ్ళ ఆఫీసువాళ్ళు వార్డు ఆఫీసుకు పొమ్మన్నారు. ఆయన కూడా సర్కారు గుమాస్తాయే కదా, అందుకని ఎవరిమీదా కోప్పడకుండా ఇంటికొచ్చారు. "ట్యాంకరు పంపుతామన్నారు సుందరీ" అన్నారు. నేను ఆ ముక్క సక్కుబాయితో చెబితే, "వస్తది తియ్యి, నా పదో దినానికి వస్తది" అని నవ్వింది.

ఆ వారంలోనే మైకు కట్టిన రిక్షా ఒకటి వచ్చింది. అందులో కూర్చున్నవాడు ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చదివాడు. నల్లానీళ్ళు కాచి చల్లార్చకుండా ఎవరూ తాగరాదు. బావి మూయించింది వాళ్ళే, నల్లానీళ్ళు తాగమంది వాళ్ళే, ఇప్పుడు తాగొద్దంటున్నదీ వాళ్ళే. కాచుకోడానికి కిరసనాయిలు ఎక్కడుందో మైకులో చెప్పలేదు. రేషన్ దుకాణం ముందు స్టాకు లేదన్న అట్ట ఎప్పటినుంచో వేలాడుతూ ఉంది. కట్టెలు వానకు తడిసి పొగ తప్ప మంట లేదు.

నా స్టవ్వులో ఉన్న కిరసనాయిలుతో కొన్నాళ్ళు లాగాను. కాచిన నీళ్ళు రోజూ ఒక చెంబు సక్కుబాయికి ఇచ్చేదాన్ని. ఆవిడ తీసుకునేది, నేను అటు తిరగ్గానే ఎదురింటి చంద్రమ్మ పిల్లలకు పోసేసేది. ఒకసారి పట్టుకుని తిట్టాను.

"నాకేమైతది సుందరమ్మా? మోరీ పక్కన పుట్టి మోరీ పక్కన పెరిగిన. గత్తర నన్ను చూసి అదే జడుసుకుంటది" అంది. ఆవిడతో మాట్లాడి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు.

కిరసనాయిలు అయిపోయిన మర్నాడు పొద్దున సక్కుబాయి పూలకు పోలేదు. వెళ్ళి చూస్తే గోడవార ముడుచుకుని పడుకుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. గొంతులోంచి మాట గాలిలా వస్తోంది. గుండయ్య పక్కన కూర్చుని తడిగుడ్డతో పెదాలు అద్దుతున్నాడు.

"నీళ్ళు పట్టించావా?" అన్నాను.

"ఏడున్నయక్కా? నల్లా నీళ్ళు తాగొద్దని మైకుల చెప్పిన్రు గద. అవి తాగబట్టే గిట్లయింది. మళ్ళ అవే పోస్తే బతుకుతదా? వాంతులప్పుడు అసలే నీళ్ళు ఇయ్యొద్దంటరు."

ఒంట్లో నీళ్ళన్నీ పోతున్న మనిషికి నీళ్ళు ఇవ్వకుండా కూర్చున్నాడు, అమ్మ బతకాలని. అతన్ని ఏమని తిట్టను? దేవుడి మూల బిందె కనిపించింది. ఆ ఇంట్లోనే కాదు, మొత్తం గల్లీలో ఉన్న మంచినీళ్ళు అవే.

"ఆ బిందె దించు గుండయ్యా."

అతను లేచాడు. సక్కుబాయి చెయ్యి చాపి అతని పంచె అంచు పట్టుకుంది. అంత బలం ఎక్కడ మిగిలిందో తెలీదు.

"ముట్టకు బిడ్డా. గవి అమ్మవారివి. ఎంగిలైతే సాక ఉండది. సాక లేకపోతే గత్తర గల్లీ ఇడిసి పోదు. చంద్రమ్మ పోరగాండ్లు ఉన్నరు, సుందరమ్మ ఉన్నది..."

"నేను ఉండటానికి నువ్వు పోనక్కర్లేదు. అమ్మవారికి మళ్ళీ తెద్దాం. నేను తెస్తాను" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడికెల్లి తెస్తవు? బాయి లేదు గద" అంది.

గుండయ్య నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు, మళ్ళీ కూలబడ్డాడు. నేనే వెళ్ళి బిందెమీద చెయ్యి వేశాను. సక్కుబాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. బతిమాలుతున్నట్టు చూసింది. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి. నా చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఇంటికి పరుగెత్తి, భోజనాల పీటలు గొడ్డలితో చీల్చి పొయ్యి రాజేశాను. నల్లానీళ్ళే పెట్టాను. అవి మరగాలి, చల్లారాలి. ఈలోగా మా ఆయన బండికోసం వార్డు ఆఫీసుకు వెళ్ళారు. అంటురోగాల దవాఖానా బండి రావాలంటే ఇన్‌స్పెక్టరు సంతకం కావాలన్నారు. ఇన్‌స్పెక్టరేమో పెద్ద ఆఫీసరు రాకకు పక్క గల్లీలో పొడి పోయిస్తున్నాడట. ఆ గల్లీకి పోతే అప్పుడే వెళ్ళిపోయారన్నారట.

నేను చెంచాతో నీళ్ళు పట్టించాను. పట్టించినవి పట్టించినట్టే బయటికి వచ్చేశాయి. ఇక చూస్తూ కూర్చోలేక రిక్షా పిలిపించి, గుండయ్య ఒళ్ళో పడుకోబెట్టి బయల్దేరదీశాను. వెనక నేను నడిచాను. చార్మినారు దగ్గర ఆవిడ రోజూ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పక్క పూలవాళ్ళు లేచి నిలబడ్డారు. రిక్షా పత్తర్‌గట్టి దాటకముందే గుండయ్య "అమ్మా" అన్నాడు. రిక్షావాడు తొక్కడం ఆపేశాడు.

మేం తిరిగి వచ్చేసరికి గల్లీ మొగలో దవాఖానా బండి నిలబడి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. శవాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళకూడదన్నాడు. "సూది వేయించుకుందా ఈమె? వేయించుకున్నట్టు చీటీ ఉందా?" అని అడిగాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. నేను అనాల్సినవన్నీ అన్నాను. అతను అన్నీ విని, పైపులు తన చేతిలో లేవని మళ్ళీ చెప్పాడు. నిజానికి ఏదీ అతని చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వెళ్ళి అడగడానికి ఒక గుమ్మమైనా లేదు.

ఆ రోజు సక్కుబాయి గుమ్మం ముందు తెల్లపొడి దిట్టంగా పోశారు. బస్తాలో మిగిలింది మోరీలో కాకుండా మూసేసిన బావి బండమీద పోశారు.

బోనాల ఆదివారం వచ్చింది. ఆ ఏడు మేళం లేదు, తప్పెట్లు లేవు. చచ్చినవాళ్ళు లేని ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. గుండయ్య గుండు చేయించుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, నాకు మైల. గుడికి పోవద్దు. అమ్మ ఆ బిందె ఎవరినీ ముట్టనియ్యలే. సాక నువ్వే పొయ్యాలె."

"నాకు మీ పద్ధతులు తెలీవు గుండయ్యా."

"అమ్మ నీ పేరు చెప్పింది రిక్షాల."

నేను తలస్నానం చేసి బిందె ఎత్తుకున్నాను. గుడ్డ తీసి చూశాను. నీళ్ళు ఇంకా అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఈ నీళ్ళే ఆ పొద్దున ఆవిడ నోట్లో పోసుంటే బతికేదా అని ఒక మనసు అడుగుతూనే ఉంది. దారిలో చంద్రమ్మ చిన్నపిల్ల నా కొంగు పట్టుకుని, "బాయి నీళ్ళా? జరన్ని తాగనా?" అని అడిగింది. వాళ్ళమ్మ దాని నోటిమీద చెయ్యి వేసి లోపలికి లాక్కెళ్ళింది. నేను ఆగలేదు. ఆగితే ఆ బిందె గుడిదాకా పోదని నాకు తెలుసు.

పోచమ్మ గుడి గల్లీ మలుపులో ఉంటుంది. మెట్టు దిగితే మోరీ. నేను బిందెలో చిటికెడు పసుపు కలిపి ధార కట్టి పోశాను. నాకు మొక్కులు తెలీవు. "తల్లీ, ఆవిడ తాగకుండా దాచినవి ఇవి" అన్నాను. అంతకంటే ఏమనాలో తోచలేదు. పసుపు కలిసిన నీళ్ళు గద్దెమీదనుంచి జారి, మెట్టుమీదనుంచి పారి, మోరీలోకి దిగి, ఆ గొట్టం మీదుగా నల్లగా కలిసిపోయాయి. మా బావినీళ్ళలో ఆఖరి చుక్క అదే.

అప్పుడే గల్లీలో కేక వినిపించింది, నల్లా వచ్చిందని. ట్యాంకరు అప్పటిదాకా రాలేదు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పరుగెత్తారు. ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రనీళ్ళు. చంద్రమ్మ వరసలో ముందు ఉంది, పక్కన పిల్ల.

మా ఇంట్లో కూడా నీళ్ళు లేవు. నా చేతిలో సక్కుబాయి బిందె ఖాళీగా ఉంది. వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను.