బంగారు దీర్ఘం

టిక్కుమంది ఏదో పెట్టె. ఆ వెంటనే ఒక ఊపిరి: “హా...” కాసేపాగి మళ్లీ, “హా...”

కరెంటు పోయి తర్లుపాడు రోడ్డు మీద పలకరాళ్లు కోసే రంపాలు ఆగినప్పుడు మాత్రమే ఆ చప్పుడు వినబడేది. తెరకు ఇవతల మనోజ్ఞ కుంచె ఆపి చెవి ఒగ్గింది. తెరకు అవతల ఆమె గురువు అబ్బాస్ అలీ, ఎవరిదో సన్మానపత్రానికి బంగారం పెడుతున్నాడు.

పొదిలి నుంచి గిద్దలూరు దాకా సన్మానమంటే మార్కాపురంలో ఆయన చేసిన పత్రమే కావాలంటారు. ఎప్పుడో పడమటి దేశాల మఠాల్లో చేత్తో రాసిన గ్రంథాల బొమ్మలను ఫోనులో చూసి చూసి, ఆ పద్ధతిని తెలుగు అక్షరానికి మాలిమి చేశాడాయన. అంచుల నిండా తీగలు, తీగల నడుమ పిట్టలు, అరచేయంత మొదటి అక్షరం, దాని మీద మెరుగుపెట్టిన బంగారు రేకు. మనోజ్ఞ గిద్దలూరు నుంచి బస్సులో వచ్చి ఈ విద్య నేర్చుకుంటోంది. తీగ నేర్పాడు. పిట్ట నేర్పాడు. సుద్దా జిగురూ కలిపి అక్షరాన్ని ఉబ్బెత్తుగా పోయడం నేర్పాడు. బంగారం దగ్గరకు వచ్చేసరికి తెర వేసుకున్నాడు.

“రేకు పెట్టేముందు జిగురు మీద ఊదు బేటీ, అంతే,” అన్నాడు.

ఆమె ఊదింది. రేకు ఉల్లిపొరలా లేచిపోయింది. మళ్లీ ఊదింది, మళ్లీ లేచింది. అంతే అయితే ఆ తెర ఎందుకు? ఆ పెట్టె ఎందుకు? జిగురులో ఏదో కలుపుతున్నాడు. కలిపేది చెప్పడం లేదు.

ఆదివారం గిద్దలూరు వర్తక సంఘం ఆమె అత్తగారిని సన్మానిస్తోంది. భర్త పోయాక బట్టల కొట్టును ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. పత్రం నేనే చేస్తానని మనోజ్ఞ అన్నప్పుడు, అత్తగారు కళ్లజోడు పైనుంచి చూసింది.

“బంగారాన్ని తూచడం ఎరుగుదుం గానీ, ఊదడం ఏందమ్మా? సరే. నీ రేకు నిలబడిందా, కొట్టు ముందరి గది నీది. నీ బోర్డే పెట్టుకో. రాలిందా, కౌంటరు కాడ కూచుని జాకెట్టు గుడ్డలు చించు.”

ముందరి గది. వీధివైపు కిటికీ, పొద్దున్నే బల్ల మీదకు నడిచివచ్చే వెలుతురు. మనోజ్ఞ ఆ గదిని తలుచుకునే తీగలు గీసింది, ఆ గదిని తలుచుకునే పిట్టలకు కళ్లు పెట్టింది.

నిన్న బల్ల మీద అబ్బాస్ అలీ ఫోను మోగింది. వెలిగిన పేరు ‘గిద్దలూరు అమ్మ’. ఆయన గబుక్కున తీసుకుని వాకిట్లోకి పోయాడు. “అట్లనే అమ్మా... ఆ పిల్లకు చెప్పన్లే,” అన్న ముక్క మాత్రం లోపలికి వచ్చింది.

ఈ ఉదయం చూస్తే ఆమె అక్షరం మారిపోయి ఉంది.

ఇంట్లో అత్తగారి పేరు ఎవరూ అనరు. కోడలు అసలే అనకూడదు. కొట్టు బోర్డు మీద మామగారి పేరు. తన పెళ్లి పత్రికలోనూ ‘శ్రీమతి వెంకటరామయ్య’. సంఘం పంపిన మెసేజీలో హైమవతి అని ఉంటే, నిఘంటువు తిప్పి, పార్వతీదేవి పేరే కదా అని సరిచూసుకుని మరీ మనోజ్ఞ పెన్సిలుతో గీసింది. ఇప్పుడు ఆ ‘మ’ చెరిగి ‘మా’ అయింది. నిండు సభలో తప్పు చదివించాలనే కదా! గురువూ అత్తా ఒకటయ్యారు.

ఆమె లేచి తెర లాగింది.

అబ్బాస్ అలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేత్తో పెట్టెను వెనక్కి జరిపాడు.

“ఏంది తాతా, ఆ పెట్టెలో దాచినావు? జిగురులో కలిపేది అదేనా?” అంటూ ఆమె మూత తెరిచింది.

లోపల కట్టుడు పళ్ల సెట్టు నవ్వుతోంది.

ఆయన అటు తిరిగి పళ్లు పెట్టుకుని, ఇటు తిరిగాడు. “చల్లబడిందా నీ కడుపు? పళ్లుంటే గాలి ఈలేస్తది. అందుకని తీసిపెడతా. ఆడపిల్ల ముందర బోసినోరు తెరిచేదానికి నాకు సిగ్గుండదా?”

మనోజ్ఞ తల వాలిపోయింది. అనుమానం మాత్రం పూర్తిగా వాలలేదు. “మరి దీర్ఘం?”

“మీ అత్తమ్మదే. మెసేజీలో సంఘపోళ్లు దీర్ఘం మింగినారని ఫోను చేసింది. ‘పుస్తకాల్లో ఏముంటే నాకేంది? మా నాయన సాగదీసి పిలిచినాడు, బడిలోనూ అట్లనే రాయించినాడు. ఆ దీర్ఘం పోతే అది నేను కాదు. నేను చెప్పినానని కోడలికి చెప్పబాకు, నవ్వుకుంటది’ అనింది.”

మనోజ్ఞకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ తాను మింగిన పేరులో ఒక తండ్రి గొంతు ఉందని ఆమెకు తెలియదు.

“నీ రేకు ఎందుకు లేస్తోందో చెప్పనా?” అన్నాడాయన. “ఊదు అన్న మాట నాదే తప్పు. నువ్వు కాఫీ చల్లార్చినట్ల పెదాలతో ఊదుతున్నావు. జిగురు మేలుకోవాలంటే వెచ్చని తడి కావాల, లోపల్నుంచి రావాల. నేనైతే ఎవరి పత్రమో వాళ్ల పేరు పలుకుతా. బోసినోటికి అది ‘హా’ అనే వినబడతది. నీకేం, అత్తమ్మ పేరే ‘హ’తో మొదలాయె!”

“ఆమె పేరు నేనెట్ల పలికేది తాతా?”

“రాసేదానికి లేని తప్పు పలికేదానికి వచ్చెనా? మంచి కోడలివే!”

పేరంతా జిగురు పోసి ఆరనిచ్చి, ఆమె పత్రం మీదకు వంగింది. కళ్లు మూసుకుంది. “హై...” అని ఆగిపోయింది. ఆ సగం ఊపిరికే జిగురు మీద అద్దం మసకబారినట్టు ఆవిరి పట్టింది. రేకు పరిచి, కాగితం మీద నుంచి అదిమి, మెత్తని కుంచెతో విదిలించింది. అంచుల బంగారం ఎగిరిపోయింది. అక్షరం నిలిచింది.

ఇక ‘మా’ వంతు. దీర్ఘానికి సగం ఊపిరి చాలదు.

అంతలో కరెంటు వచ్చింది. రోడ్డు పొడవునా పలకల రంపాలు ఒక్కసారి కేకపెట్టాయి. ఆ హోరులో గొణిగినా సరిపోయేది. ఎవరికీ వినబడేది కాదు. మనోజ్ఞ గొణగలేదు. గుండె నిండా గాలి తీసుకుని, రంపాల మీదుగా, సాగదీసి, పలికింది:

“హైమావతి.”